డబ్బు సంగతి మొదటి పేరాలోనే చెప్పాలి

ఆన్‌లైన్ గేమ్ కొన్న రోజున ఉన్నట్టు ఏడాది తర్వాత ఉండదు. ఒక తుపాకీ బలం తగ్గుతుంది, ఒక మ్యాప్ మాయమవుతుంది, నిన్నటిదాకా ఆడి గెలుచుకున్న స్కిన్ (పాత్రకో ఆయుధానికో వేసే కొత్త రూపం) ఇవాళ షాపులో అమ్మకానికి వస్తుంది. మారుతూ ఉండటం ఈ ఆటల స్వభావం, దాన్ని మేం తప్పుపట్టడం లేదు. ఆ మార్పును ఆటగాళ్లకు చెప్పే తీరు మాత్రం చాలా స్టూడియోల్లో బాగాలేదు. నచ్చని కబురును ఆలస్యం చేసి, చుట్టూ తిప్పి చెబుతారు. రీఫండ్ మాటైతే గొడవ ముదిరి వార్తల్లోకి ఎక్కేదాకా బయటికి రాదు.

2017 నవంబరులో డెస్టినీ 2 అనే షూటింగ్ ఆటలో జరిగింది కాస్త దగ్గరగా చూడాలి. అందులో శత్రువును పడగొట్టినా, ఒక పని పూర్తిచేసినా తెర మీద ఎక్స్‌పీ (స్థాయి పెంచే అనుభవ పాయింట్లు) అంకె కనిపిస్తుంది. కొందరు ఆటగాళ్లు ఆ అంకెలన్నీ రాసుకుని కూడి చూశారు. తెర చూపించిన మొత్తానికీ, నిజంగా ఖాతాలో జమైనదానికీ పొంతన లేదు. చిన్న చిన్న పనులను వెంటవెంటనే చేసేవాళ్లకు లోపల కోత పడుతోంది, బయటికి మాత్రం పూర్తి అంకె కనిపిస్తోంది. విషయం బయటపడ్డాక స్టూడియో బంగీ ఆ పద్ధతి సరిగా పనిచేయడం లేదని ఒప్పుకుని తీసేసింది. కానీ అదే సమయంలో ఒక్కో స్థాయికి కావాల్సిన ఎక్స్‌పీని 80,000 నుంచి 1,60,000కు పెంచింది. ప్రకటనలో ఆ ముక్క లేదు. దాన్నీ ఆటగాళ్లే పట్టుకున్నారు. స్థాయి పెరిగితే వచ్చే బహుమతి పెట్టెను అప్పట్లో అదే ఆటలో డబ్బుకు కూడా అమ్మేవాళ్లు కాబట్టి ఇది డబ్బు వ్యవహారమే. కోత గురించి సంజాయిషీ ఇస్తున్న రోజునే రెట్టింపు సంగతీ చెప్పి ఉంటే కోపం వచ్చేది నిజమే, ఒక్కసారి వచ్చి పోయేది. చెప్పకపోవడంతో, ఆ తర్వాత వచ్చే ప్రతి ప్యాచ్ నోట్స్‌నూ (ఆటలో మార్పుల జాబితానూ) అనుమానంతో చదవాల్సిన పరిస్థితి వచ్చింది.

దాచడం ఒక తప్పైతే, మెత్తటి మాటలతో సర్దిచెప్పడం ఇంకొకటి. అదే నెలలో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో డార్త్ వేడర్ వంటి పాత్రలకు పెట్టిన ధర మీద జనం మండిపడ్డారు. కష్టపడి సాధించామన్న గర్వం ఆటగాళ్లకు కలగాలనే అలా పెట్టామని ఆటను ప్రచురించిన ఈఏ తరఫున జవాబు వచ్చింది. పూర్తి ధర పెట్టి ఆట కొన్నవాళ్లు అడిగింది ధర గురించి, వాళ్లకు దొరికింది భావోద్వేగాల పాఠం. ఆ జవాబుకు రెడిట్‌లో 6 లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. పాత్రల ధరలు 75 శాతం తగ్గించారు. అదీ చాలక, విడుదలకు ముందు రోజు ఆటలో డబ్బుతో కొనే ఏర్పాటునే ఆపేశారు.

రీఫండ్ దగ్గరికి వస్తే చిక్కు ఇంకా పెద్దది. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్ 2015 జూన్‌లో తెచ్చిన నియమం అందరికీ తెలుసు: కొని 14 రోజులు దాటకూడదు, ఆడింది 2 గంటలు మించకూడదు. కొత్తగా కొన్నవాళ్లకు ఇది మంచి రక్షణే. అయితే కొన్న మూడు నెలలకు ఆట షరతులే మారితే? అప్పటికే 80 గంటలు ఆడిన మనిషికి ఈ నియమంలో చోటు లేదు. 2024 మే నెలలో హెల్‌డైవర్స్ 2 విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. పీసీ మీద ఆడేవాళ్లు కూడా సోనీ ఆన్‌లైన్ సేవ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లో ఖాతా తెరిచి జతచేయాల్సిందేనని ఉన్నట్టుండి చెప్పారు. ఈ షరతు స్టోర్ పేజీలో మొదటినుంచీ ఉంది. ఫిబ్రవరిలో ఆట విడుదలైనప్పుడు సాంకేతిక ఇబ్బందుల వల్ల దాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టారు. పక్కన పెట్టిన సంగతి, మళ్లీ వస్తుందన్న సంగతి గట్టిగా చెప్పినవాళ్లు లేరు. పైగా ఆ నెట్‌వర్క్ లేని దేశాల్లో కూడా ఆటను అమ్మారు. అక్కడివాళ్లు నియమాల ప్రకారం ఖాతా తెరవలేరు, తెరవకపోతే కొన్న ఆట ఆడలేరు. 2 లక్షలకు పైగా ప్రతికూల రివ్యూలు వచ్చిపడ్డాక ఆటను ప్రచురించిన సోనీ వెనక్కి తగ్గింది. ఈ షరతు సంగతి విడుదలకు ఆరు నెలల ముందే తనకు తెలుసునని ఆట తయారుచేసిన స్టూడియోకు అప్పటి అధిపతి యోహాన్ పిలెస్టెట్ ఒప్పుకున్నారు. ఆ నిజాయితీని మెచ్చుకోవాల్సిందే. ఆ మాట ఫిబ్రవరిలో చెప్పాల్సింది, మేలో కాదు. గంటలకొద్దీ ఆడినవాళ్లలో కొందరికి స్టీమ్ రీఫండ్ ఇచ్చిందని వార్తలు వచ్చాయి. ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో ముందుగా తెలియని రీఫండ్ హక్కు అనిపించుకోదు, అదృష్టం అవుతుంది.

ప్రతి మార్పుకూ డబ్బు వాపసు ఇమ్మని మేం అనడం లేదు. అందరూ వాడే ఆయుధాన్ని కాస్త తగ్గించారని 300 గంటలు ఆడినవాళ్లు పూర్తి ధర అడిగితే అది న్యాయం కాదు. కానీ డబ్బు పెట్టి కొన్న పాత్ర బలాన్నే తగ్గించినా, ఇస్తామని చెప్పి అమ్మిన భాగాన్ని రద్దు చేసినా, ఆటలోకి వెళ్లే దారే మూసేసినా లెక్క వేరు. అక్కడ వాపసు ఇవ్వాల్సింది డబ్బు. చాలా మొబైల్ గేముల్లో సర్వర్ పడిపోయినా, కొన్న వస్తువు పాడైనా క్షమాపణగా కొన్ని వజ్రాలో నాణేలో ఖాతాలో వేస్తారు. సర్వర్ గంటసేపు ఆగితే అది చాలు. తీసుకున్నది డబ్బైనప్పుడు ఆ ఆటలో తప్ప ఎక్కడా చెల్లని నాణేలతో బాకీ తీరిపోయిందని అనుకోవడం అన్యాయం.

ముందు ప్రకటించి, ఏర్పాట్లు తర్వాత చూసుకోవడం కూడా ప్రమాదమే. సైబర్‌పంక్ 2077 ఒంటరిగా ఆడే ఆట అయినా, ఆ పాఠం అందరికీ వర్తిస్తుంది. 2020 డిసెంబరులో పాత కన్సోళ్ల మీద ఆట సరిగా నడవక క్షమాపణ చెప్పిన ఆట తయారీ సంస్థ సీడీ ప్రాజెక్ట్, అసంతృప్తి ఉన్నవాళ్లు రీఫండ్ అడగవచ్చని రాసింది. ఇందుకోసం ఆ కన్సోళ్ల స్టోర్లు నడిపే సోనీ, మైక్రోసాఫ్ట్‌లతో ప్రత్యేక ఒప్పందమేదీ లేదని తర్వాత కంపెనీయే ఇన్వెస్టర్లకు చెప్పింది. ఆ మాట నమ్మి వెళ్లిన ఆటగాళ్లు స్టోర్ల చుట్టూ తిరిగారు. కొద్ది రోజుల్లోనే సోనీ ఆ ఆటను తన స్టోరు నుంచి తొలగించింది.

బాగా చెప్పినవాళ్లూ ఉన్నారు. 2021 డిసెంబరులో చందా కట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్ ఫైనల్ ఫాంటసీ 14కు కొత్త భాగం వచ్చినప్పుడు జనం పోటెత్తి, లాగిన్ క్యూలో గంటలు గంటలు గడపాల్సి వచ్చింది. నిర్మాత నవోకీ యోషిదా ఏ ఎర్రర్ ఎందుకు వస్తోందో, చిప్‌ల కొరత వల్ల కొత్త సర్వర్లు ఎందుకు పెట్టలేకపోతున్నారో వివరంగా రాశారు. ముందు 7 రోజులు, తర్వాత మరో 14 రోజులు చందా లేకుండా ఆడనిచ్చారు. అన్నిటికన్నా మాకు నచ్చింది, ఉన్నవాళ్లకే చోటు చాలనప్పుడు ఆట అమ్మకాలను కొన్ని వారాలు ఆపేయడం. 2024లో కాంకర్డ్ అనే ఆన్‌లైన్ గేమ్ విడుదలైన రెండు వారాలకే మూతపడింది. ఆట దెబ్బతిన్నా ప్రకటన మాత్రం సూటిగా ఉంది. ఎక్కడ కొన్నవాళ్లకు పూర్తి సొమ్ము ఎలా తిరిగొస్తుందో మూసివేత ప్రకటించిన ఆ ఉత్తరంలోనే రాశారు. ఎవరూ గొడవ చేయాల్సిన పని పడలేదు.

ఇక్కడ ఆటగాళ్లకూ ఒక మాట. ప్రకటన కింద సంతకం పెట్టే కమ్యూనిటీ మేనేజర్ (ఆటగాళ్లతో మాట్లాడే ఉద్యోగి) చాలాసార్లు ఆ నిర్ణయం తీసుకున్న మనిషి కాదు. తిట్లు, ఇంటి మీదికి వస్తామన్న బెదిరింపులు భరించేది మాత్రం ఆ ఉద్యోగే. కోపం ఎంత న్యాయమైనదైనా ఆ తిట్లకూ బెదిరింపులకూ సమర్థన లేదు. నిర్ణయం తీసుకున్నవాళ్లు తమ పేరుతోనే రాయడం మొదలుపెడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

స్టూడియోల మంచితనం మీదే అంతా వదిలేయలేం. ఫోర్ట్‌నైట్‌లో తికమక పెట్టే బటన్లతో కొనిపించారనీ, చార్జీలను బ్యాంకులో ప్రశ్నించినవాళ్ల ఖాతాలను లాక్ చేశారనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించాక, 2022లో ఆ ఆట తయారీ సంస్థ ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్ల రీఫండ్లకు ఒప్పుకుంది. అంతదాకా పోకుండా స్టోర్లే ఒక పని చేయవచ్చు. అమ్మిన తర్వాత ఖాతా షరతు మారినా, ఒక దేశంలో ఆట ఆడే వీలు పోయినా, డబ్బుతో కొన్న వస్తువును వెనక్కి తీసుకున్నా ఆ సంగతిని కొన్న ప్రతి ఒక్కరికీ కనీసం 30 రోజుల ముందు మెయిల్‌లో పంపాలి. ఎన్ని గంటలు ఆడారన్న లెక్క లేకుండా రీఫండ్ లింక్ ఆ మెయిల్ మొదటి పేరాలోనే ఉండాలి. స్టీమ్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, గూగుల్, ఆపిల్ స్టోర్లు ప్రతి అమ్మకంలోనూ వాటా తీసుకుంటున్నాయి. ఈ నియమాన్ని డెవలపర్లతో చేసుకునే ఒప్పందంలో చేర్చే అధికారమూ వాటికి ఉంది.