జన్యు సమాచారానికి తాళం వేస్తే తప్పులే మిగులుతాయి

మనిషి జన్యువు గురించి ఆన్‌లైన్‌లో వెతకడం ఇవాళ బ్రహ్మవిద్యేం కాదు. సెర్చ్ బాక్సులో హెచ్‌బీబీ అని కొట్టండి చాలు. అది హిమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ ప్రోటీన్‌ను తయారుచేయించే జన్యువని, 11వ క్రోమోజోమ్ మీద ఉంటుందని వస్తుంది. ఇంకాస్త కిందికి వెళితే, డీఎన్ఏలో ఒకచోట 'ఏ' అక్షరం బదులు 'టీ' పడితే ప్రోటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం స్థానంలో వేలీన్ అనే మరొకటి వచ్చి చేరుతుందని, తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే మార్పు అందితే బిడ్డకు సికిల్ సెల్ అనీమియా వస్తుందని, ఆ మార్పుకు ఆర్‌ఎస్334 అనే నంబరు ఉందని తెలుస్తుంది. ఇదంతా తేల్చిన పరిశోధన పత్రాలు కూడా పక్కనే వరసగా ఉంటాయి. లాగిన్ అక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు.

ఆ పైసా కట్టకపోవడమే కొందరికి కంటగింపుగా ఉంది. ఈ సమాచారమంతా ఉచితంగా ఇచ్చే జన్యు డేటాబేస్‌ల నిర్వహణ మోయలేని భారమైందని, వాడుకునేవాళ్లే డబ్బు కట్టాలని నిధులిచ్చే సంస్థల చర్చల్లో తరచూ వినిపిస్తూనే ఉంది. ధర సంగతి తర్వాత చూసుకోవచ్చు. నా అభ్యంతరం అంతకంటే మొదట్లోనే ఉంది. తాళం వేసిన జన్యు డేటాబేస్ తప్పుడు జవాబులు ఇస్తుంది.

ఎలాగంటారా? రిఫరెన్స్ జీనోమ్‌తో, అంటే పోలికకు ప్రమాణంగా పెట్టుకున్న మనిషి డీఎన్ఏ నమూనాతో పోల్చి చూస్తే ఏ మనిషి డీఎన్ఏలోనైనా 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాలుంటాయి. వెయ్యి జీనోముల ప్రాజెక్టు 2015లో తేల్చిన లెక్క ఇది. వాటిలో అత్యధికం ఏ హానీ చేయనివే. మిగిలినవాటిలో ఏది ప్రమాదకరమో ఆ ఒక్క మనిషి డీఎన్ఏను ఎంతసేపు తిరగేసినా తెలియదు. మరొకరి డీఎన్ఏను పక్కన పెట్టి చూడాలి. అదే మార్పు, అదే జబ్బున్న, ఏ చుట్టరికమూ లేని మరో నాలుగు కుటుంబాల్లో కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న వేలమందిలో కనిపిస్తే ఆ మార్పును నిందించి లాభం లేదని తేలిపోతుంది. రెండూ తేలకపోతే ల్యాబు రిపోర్టులో 'ప్రాధాన్యం తెలియని మార్పు' అని రాస్తారు. డాక్టర్లు పొట్టిగా వీయూఎస్ అంటారు. రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన జన్యువులో వీయూఎస్ వచ్చిన మహిళ టెన్షన్ ఊహించండి. ఆపరేషన్ చేయించుకోవాలా, అక్కాచెల్లెళ్లకు చెప్పాలా, పిల్లలకు పరీక్ష చేయించాలా అన్నవాటిలో దేనికీ జవాబు ఉండదు. ఆ జవాబు ఇంకో ల్యాబు కంప్యూటర్‌లో ఉండి, ఆ ల్యాబు చెప్పనంటే?

సరిగ్గా అదే జరిగింది. వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్‌కు సంబంధించిన జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ చూపించారు. 1994లో మిరియడ్ జెనెటిక్స్ బృందం ఆ జన్యువును కచ్చితంగా గుర్తించింది. అదే బీఆర్‌సీఏ1. తర్వాత పేటెంట్లు వచ్చాయి. అమెరికాలో ఏళ్ల తరబడి ఆ పరీక్ష దాదాపు ఆ ఒక్క కంపెనీ చేతిలోనే ఉండిపోయింది, ధర మూడు వేల డాలర్లు దాటింది. 2000 దశకం మధ్యకల్లా తనకు దొరికిన మార్పుల వివరాలను బహిరంగ డేటాబేస్‌కు ఇవ్వడం కూడా కంపెనీ మానేసింది. 2013 జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు ప్రకృతిలో ఉన్న డీఎన్ఏకు పేటెంట్ చెల్లదని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. నన్నడిగితే ఆ పండగ సగమే. పేటెంట్ పోయింది కానీ, అన్నేళ్లుగా పోగుపడిన డేటా కంపెనీ దగ్గరే ఉంది. కొత్త ల్యాబులు అదే పరీక్షను చవగ్గా చేశాయి, అక్షరాలన్నీ తప్పులేకుండా చదివాయి, అరుదైన మార్పు ఎదురైనప్పుడు మాత్రం అర్థం చెప్పలేక వీయూఎస్ అని రాసిచ్చాయి. చివరికి రాబర్ట్ నస్‌బామ్ అనే జన్యు వైద్య నిపుణుడు చొరవ తీసుకుంటే, క్లినిక్‌లు తమ ఫైళ్లలో పడివున్న పాత రిపోర్టులు తీసి, పేషెంట్ల పేర్లు చెరిపేసి, మార్పుల వివరాలను క్లిన్‌వార్ అనే ప్రజా డేటాబేస్‌కు చేర్చడం మొదలుపెట్టాయి. తమ పేషెంట్ల గురించి కంపెనీకి తెలిసినదాన్ని డాక్టర్లు ఇలా దొడ్డిదారిన బయటికి తేవాల్సి వచ్చింది.

డేటా తలుపు సగమే తెరిచినా ప్రమాదమే. గుండె కండరం మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతికి కారణమని రాసేసిన కొన్ని మార్పులు ఆఫ్రికన్ మూలాలున్న ఆరోగ్యవంతుల్లో మామూలుగానే ఉంటాయని 2016లో ఒక అధ్యయనం బయటపెట్టింది. అప్పటికే కొందరు నల్లజాతి పేషెంట్లకు జబ్బు ముద్ర పడింది. మొదటి అధ్యయనాల్లో పోల్చి చూడటానికి తీసుకున్నవాళ్లలో నల్లజాతివారు కొద్దిమంది ఉన్నా ఆ ముద్ర పడేది కాదని పరిశోధకులే లెక్కవేసి చూపించారు. పోల్చడానికి మనుషులు తక్కువైతే లోకంలో ఉన్న యంత్రాలన్నీ తెచ్చినా సరిచేయలేవు.

ఫీజు పెట్టాలనేవాళ్లు మొక్కల జన్యు డేటాబేస్ టెయిర్‌ను ఉదాహరణగా చూపిస్తారు. అమెరికా ప్రభుత్వ నిధులు ఆగిపోయాక 2013లో అది చందాల బాట పట్టి బతికి బట్టకట్టింది. నిజమే, మూతపడటం కంటే అది నయం. కానీ మనిషి జన్యుమార్పుల విషయంలో వాడుకునేవాడే సమాచారం ఇచ్చేవాడు కూడా. గేటు దగ్గర టికెట్ పెడితే చిన్న ల్యాబులు, పేద దేశాల ఆసుపత్రులు లోపలికి రావు. వాళ్లతో పాటు వాళ్ల పేషెంట్ల డేటా కూడా రాదు. పైన చెప్పిన గుండె జబ్బు పొరపాటు లాంటివి అప్పుడు ఇంకో పదిచోట్ల పుడతాయి.

అలాగని తెరిచి ఉంచిన డేటాబేస్‌లో కనిపించిందల్లా వేదం అనుకోకూడదు. క్లిన్‌వార్‌లో ప్రతి మార్పు పక్కనా, ఆ నిర్ణయాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే నక్షత్రాలుంటాయి. ఒకటే ఉంటే ప్రమాణాలు చెప్పి రాసిన ల్యాబు ఒక్కటే అయివుండొచ్చు, లేదా ల్యాబుల మధ్య తగాదా ఉండొచ్చు. మూడుంటే నిపుణుల బృందం చూసిందని అర్థం. నాలుగుంటే వైద్య మార్గదర్శకాల్లోకి ఎక్కిందని. 'హానికరం' అన్న మాట చూసి గుండెలు బాదుకునే ముందు ఆ నక్షత్రాలు, చివరిసారి పరిశీలించిన తేదీ చూడాలి. స్థానం నంబర్లలోనూ తిరకాసు ఉంది. ఆర్‌ఎస్334 పాత రిఫరెన్స్ జీఆర్‌సీహెచ్37లో 5248232 దగ్గర ఉంటే, కొత్తదైన జీఆర్‌సీహెచ్38లో 5227002 దగ్గర ఉంటుంది. రెండు రిపోర్టులు పోల్చేటప్పుడు ఇది గమనించకపోతే ఒకే మార్పును రెండనుకునే ప్రమాదం ఉంది. (ఎక్సెల్ సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుంటే, 2020లో ఏకంగా జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ముందు శాస్త్రవేత్తలు చేతులెత్తేసిన సందర్భం.)

ఈ నక్షత్రాలు వాటంతట అవి వెలగవు. పత్రాలు చదివి, ల్యాబుల మధ్య తగువు తీర్చి, పాత నిర్ణయాన్ని కొట్టేసి కొత్తది రాసే మనుషులు వెనక ఉన్నారు. వాళ్లనే క్యూరేటర్లు అంటారు. విక్టర్ మెక్‌కుసిక్ 1966లో వంశపారంపర్య లక్షణాల జాబితాను పుస్తకంగా వేశారు. అది పన్నెండు ముద్రణలు పొందింది. 1987లో ఆన్‌లైన్‌కు ఎక్కి ఓమిమ్ అనే డేటాబేస్ అయింది. మెక్‌కుసిక్ 2008లో కన్నుమూశాక కూడా జాన్స్ హాప్‌కిన్స్‌లో ఆ పని రోజూ సాగుతూనే ఉంది. జన్యు వైద్యంలో ఉన్న ప్రతి డాక్టరూ తెరిచే ఆ వెబ్‌సైట్‌లో ఇవాళ విరాళాలు ఇవ్వండి అనే అభ్యర్థన కనిపిస్తుంది. అమెరికాలో ప్రభుత్వ నిధుల మంజూరు ఆగినప్పుడు క్లిన్‌వార్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ పేజీల నెత్తిన 'ఈ సమాచారం తాజాగా ఉండకపోవచ్చు' అనే హెచ్చరిక వేలాడుతుంది. ప్రపంచమంతా వాడే వనరు ఒక దేశపు బడ్జెట్ తగాదాకు ఇలా బందీ.

శంకుస్థాపనలకు దొరికే డబ్బు మరమ్మతులకు దొరకదు. సైన్స్‌లోనూ ఇదే రోగం. డీఎన్ఏ అక్షరాలు చదివే కొత్త సీక్వెన్సింగ్ యంత్రానికి రిబ్బన్ కట్ చేయడానికి మంత్రులు వస్తారు. పాత ఎంట్రీ దిద్దే ఉద్యోగికి మాత్రం మూడేళ్లకో ఐదేళ్లకో గ్రాంటు గడువు ముగుస్తుంది. ఇప్పుడు దానికి తోడు, ఏఐ వచ్చేసింది కదా, ఇక మనుషులెందుకు అనే మాట ఒకటి. ప్రోటీన్ల ఆకృతిని అంచనా వేసే ఏఐ ఆల్ఫాఫోల్డ్‌ను తయారుచేసినవాళ్లకు 2024లో నోబెల్ వచ్చింది, రావాల్సిందే. అది నేర్చుకున్నది ఎక్కడ? 1971 నుంచి ప్రోటీన్ల ఆకృతులను ఓపిగ్గా భద్రపరుస్తూ, అందరికీ ఉచితంగా ఇస్తూ వచ్చిన ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో. 2023లో వచ్చిన ఆల్ఫామిస్సెన్స్ అనే ఇంకో ఏఐ, 7 కోట్ల పైచిలుకు మార్పుల్లో ఏవి హానికరమో అంచనాలు ఇచ్చింది. ఆ అంచనాలు ఎంతవరకు సరైనవో దేనితో పోల్చి చూశారు? మనుషులు దిద్దిన క్లిన్‌వార్‌తోనే. రేపు క్లిన్‌వార్ పాతబడిపోతే ఏఐ తప్పును పట్టుకునేది ఎవరు?

చేయాల్సింది ఏమంత కష్టం కాదు. సీక్వెన్సింగ్‌కు ఇచ్చే ప్రతి గ్రాంటులో కొంత వాటా క్యూరేటర్ల జీతాలకు తీసి పెట్టాలి, అదీ శాశ్వత ఉద్యోగాలుగా. ఖర్చును వాడుకునే దేశాలన్నీ పంచుకోవాలి. జన్యుపరీక్ష చేసే ల్యాబు తనకు దొరికిన మార్పుల వివరాలను పేర్లు లేకుండా ప్రజా డేటాబేస్‌కు ఇవ్వకపోతే, ఆ పరీక్షకు బీమా డబ్బు ఆపేయాలి. కుదరదనేవాళ్లకు 1996 నాటి బెర్ముడా ఒప్పందం గుర్తుచేస్తే చాలు. మానవ జీనోమ్ ప్రాజెక్టు శాస్త్రవేత్తలు చదివిన డీఎన్ఏ అక్షరాలను 24 గంటల్లో అందరికీ అందుబాటులో పెడతామని అక్కడ మాట ఇచ్చారు, పెట్టారు కూడా. అప్పటి కంప్యూటర్లతో, అప్పటి ఇంటర్నెట్‌తో.