స్విచ్-స్నిఫ్ వారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ కణంలోని డీఎన్ఏ చుట్టలను (క్రొమాటిన్‌ను) సర్దే ప్రోటీన్ల సంఘాల్లో అగ్రగణ్యులైన స్విచ్-స్నిఫ్ వారికి, మీ ఏలుబడిలోని కణాలకు పేరుకు మాత్రం యజమానినైన నేను నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, నా కుశలం మీ చేతిలో ఉండగా ఆ మాట రాసే అధికారం నాకెక్కడిది?

సుమారు రెండు మీటర్ల డీఎన్ఏను మిల్లీమీటరులో సుమారు నూరోవంతు ఉండే కేంద్రకంలో కుక్కాలి కనుక, దాన్ని 147 క్షారజతల (డీఎన్ఏ నిచ్చెన మెట్ల) చొప్పున హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టి న్యూక్లియోజోములనే చుట్టలుగా పేర్చడం సబబే. ఆ చుట్టల్లో ఏది పక్కకు జరగాలో, ఏది ఊడిపోవాలో, ఏ జన్యువు చదవడానికి అందాలో తేల్చే పెత్తనం మాత్రం మీది. దస్తావేజులో అక్షరం ముక్క చదవని బంట్రోతు, బీరువాను అడ్డు జరిపీ జరపకా కచేరీ మొత్తాన్ని నడిపించినట్టుంది మీ వ్యవహారం. పైగా కణానికి శక్తినిచ్చే ఏటీపీ సమర్పించుకోనిదే మీరు కదలరు. లంచమంటే అపచారం కనుక ఇంధనమనే అంటాను.

కణవిభజన వేళ క్రోమోజోములు బిగుసుకుంటుంటే, ఒంటికి ఫాస్ఫేట్లు తగిలించుకుని మీలో చాలామంది తప్పుకుంటారు. అందుకు తప్పు పట్టను. అంతకుముందు డీఎన్ఏ చిక్కులు విప్పే టోపోఐసోమరేజ్ అనే ఎంజైముకు మీరు చేయూతనివ్వకపోతే, విడిపోవలసిన జంట క్రోమోజోములు వంతెనల్లా సాగి అతుక్కుపోతాయని ఎరుగుదును.

అసలు ఫిర్యాదు మీ హాజరుపట్టీ గురించి. పది పదిహేను మంది సభ్యుల్లో ఒక్కరు రాకపోతే, కోరం లేదని సభను వాయిదా వేయడం మీ సంప్రదాయంలో లేదు. పసిపిల్లలకు వచ్చే ప్రాణాంతకమైన రాబ్డాయిడ్ కణితుల్లో స్మార్క్-బీ1 అనే సభ్యుడి జన్యువే దెబ్బతింటుందని 1998లో తేలింది. ఆ కణితుల్లో ఇతర జన్యుమార్పులు బహు స్వల్పం, అంటే నేరాన్ని పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరన్నమాట. అయినా మిగిలిన సభ్యులు కొలువు చాలించకపోగా, ఆ కణితి ఎదుగుదలకే ఊడిగం చేస్తారు. సైనోవియల్ సార్కోమా అనే మృదుకణజాల క్యాన్సర్‌లో ఇంకొక విడ్డూరం: ఎక్స్, 18వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోగా ఎస్ఎస్18 అనే మీ సభ్యుడికి 78 అమైనో ఆమ్లాల పరాయి తోక మొలుస్తుంది, ఆ తోకతో ఆయన లోపలికొచ్చి, స్మార్క్-బీ1ను బయటికి గెంటి, ఎన్నడో మూసిపెట్టిన జన్యువులను తెరిపిస్తాడు. గుర్తింపు కార్డు అడిగే నాథుడే లేడా? మానవ క్యాన్సర్లలో దాదాపు ఐదింట ఒకదానిలో మీ సభ్యుల జన్యువులు చెడి ఉన్నాయని లెక్క తేలాక కూడా, మీ వైపు నుంచి సంజాయిషీ రాలేదు.

చివరగా ఒక రహస్యం. మీ ఇంజనుగా పనిచేసే బీఆర్‌జీ1 లోపించిన కణితులు, దాని జోడీ అయిన బ్రమ్ మీద ఆధారపడి బతుకుతున్నాయని పసిగట్టిన శాస్త్రజ్ఞులు ఆ బ్రమ్‌నే మట్టుబెట్టే మందులను రోగులపై పరీక్షిస్తున్నారు. దయచేసి ఈ సంగతి ఆయన చెవిన వేయవద్దని ప్రార్థన.

ఇట్లు,
తమ తాబేదారు