నోటుకు మార్కులు సరే, కాగితాన్ని చూసేదెవరు?

స్కాట్లండ్ పాత నోట్లు వేలానికి వచ్చినప్పుడు ఈమధ్య అందరి చూపూ ముందు ఒక అంకె మీద పడుతోంది. 30, 45, 58, 65. నోటు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి గ్రేడింగ్ సంస్థలు 70కి వేసే మార్కులివి. నోటు ఏ బ్యాంకుది, అచ్చు పలక ఎవరు చెక్కారు, ఎవరు సంతకం చేశారు అన్నవి ఆ తర్వాతి సంగతులు. గాజులాంటి ప్లాస్టిక్ కవర్‌లో సీలు వేసి ఇచ్చే ఈ 70 మార్కుల కొలబద్ద అమెరికా నాణేల బజారు నుంచి నోట్లకు పాకింది. నిన్నమొన్నటి నోట్లకు అది బాగానే పనిచేస్తుంది. 19వ శతాబ్దపు స్కాటిష్ నోటుకు మాత్రం సగం కథే చెబుతుందని, చాలాసార్లు ఆ సగం కూడా తిన్నగా చెప్పదని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ నోట్లు బతికిన బతుకు వేరు. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ 1695లో పుట్టింది. 1727లో రాయల్ బ్యాంక్, 1746లో, తర్వాత బ్యాంకుగా మారిన బ్రిటిష్ లినెన్ కంపెనీ వచ్చాయి. ఎవరి నోట్లు వారే అచ్చు వేసుకున్నారు. 1826లో లండన్ ప్రభుత్వం 5 పౌండ్ల కంటే చిన్న నోట్లను ఎత్తేయాలని చూస్తే స్కాట్లండ్ భగ్గుమంది. నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్ మారుపేరుతో పత్రికలో ఘాటైన లేఖలు రాశాడు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఒక పౌండు నోటు స్కాట్లండ్‌లో నిలిచిపోయింది. ఇంగ్లండ్‌లో మాత్రం ఆ తర్వాత కొన్నేళ్లకే చిన్న నోట్లు పోయాయి. అక్కడి జనం చేతికి కాగితం పౌండు మళ్లీ వచ్చింది 1914లో, యుద్ధం మొదలయ్యాకే. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ నోట్ల మీద ఇవాళ్టికీ స్కాట్ బొమ్మ ఉండటం ఊరికే కాదు.

అంటే స్కాటిష్ పౌండు నోటు పెట్టెలో దాచుకున్న వస్తువు కాదు. కూలికి, అద్దెకి, పశువుల సంతలో బేరానికి చేతులు మారిన డబ్బు. పైగా బ్యాంకులు ఒకరి నోట్లను ఒకరు తరచూ మార్పిడి చేసుకునేవి. నోటు తిరిగి తిరిగి అచ్చువేసిన బ్యాంకుకే చేరేది, నలిగితే అక్కడే రద్దయ్యేది. అలాంటప్పుడు 1830ల నాటి పౌండు నోటు పెళపెళలాడుతూ కనిపిస్తే నాకు ముందు వచ్చేది ముచ్చట కాదు, అనుమానం. అది సంతకం, తేదీ వేయకుండా మిగిలి, చలామణిలోకి వెళ్లని ఖాళీ నోటైనా కావాలి, అచ్చు నమూనా అయినా కావాలి. రెండూ కాకపోతే ఎవరో దానికి మరమ్మతు చేసి ఉండాలి.

దివాలా తీసిన బ్యాంకుల నోట్లు దండిగా దొరుకుతాయని చాలామంది అనుకుంటారు, డబ్బు రాలేదు కాబట్టి కాగితం మిగిలి ఉంటుందని. సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంక్ దీనికి అడ్డం తిరుగుతుంది. 1878 అక్టోబరులో అది కుప్పకూలింది. బ్యాంకు అప్పులకు వాటాదారుల బాధ్యతకు హద్దు లేకపోవడంతో ఎన్నో కుటుంబాలు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నాయి, డైరెక్టర్లు జైలుకు వెళ్లారు. కానీ ఆ బ్యాంకు నోట్లను మిగతా స్కాటిష్ బ్యాంకులు తీసుకుని డబ్బులిచ్చాయి. జనం నోట్లు మార్చేసుకున్నారు కాబట్టే అవి ఇవాళ అరుదు. అలాంటి నోటు ఒకటి అంచు చిరిగి, మడత దగ్గర విడిపోయి వస్తే దానికి 12 మార్కులా 15 మార్కులా అని వాదులాడుకోవడంలో అర్థమేముంది?

బ్రిటిష్ పాత పద్ధతిలో గ్రేడ్ మాటల్లో ఉండేది: ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్. పక్కనే ఒకటి రెండు వాక్యాలు. ఎన్ని మడతలు, గుండుసూది చిల్లులు ఎక్కడ, వెనక సిరా రాత ఉందా, మూల విరిగిందా. ఈ వాక్యాలే అసలు సరుకు. అంకె పెత్తనం పెరిగేకొద్దీ అవి కుదించుకుపోతున్నాయి.

నోటును ఎలా చూడాలో తెలిస్తే తేడా తెలుస్తుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చిల్లులు, అతుకులు, పలచబడ్డ చోట్లు బయటపడతాయి. పక్క నుంచి ఏటవాలుగా లైటు వేస్తే, ఇస్త్రీ చేసి అణిచేసిన మడతల జాడ కనిపిస్తుంది. చెక్కిన పలకతో అచ్చయిన నోటు మీద సిరా వేలికి కాస్త ఎత్తుగా తగలాలి. వేడి పెట్టి నొక్కితే ఆ ఎత్తు చదునైపోతుంది. నీళ్లలో కడిగిన కాగితం తెల్లబడుతుంది కానీ బిరుసు పోతుంది, రంగు సిరాలు వెలుస్తాయి. ఇక ఎడమ అంచు. పాత నోట్లు చాలావరకు పుస్తకంలోంచి అలంకారపు గీతల మీదుగా వంకరగా కత్తిరించి ఇచ్చినవి. పుస్తకంలో మిగిలిన ముక్కతో అంచు కలుస్తుందో లేదో చూసి మోసాన్ని పట్టుకోడానికి అదో ఏర్పాటు. అలాంటి నోటుకు ఎడమ అంచు స్కేలు పెట్టి కోసినంత తిన్నగా ఉంటే మెచ్చుకోనక్కర్లేదు, ఎవరు కోశారని అడగాలి.

నోటును రెండుగా కోసి, సగం ఒక టపాలో, సగం ఇంకో టపాలో పంపడం అప్పట్లో మామూలు. దారిలో దొంగల భయం మరి. చేరాక వెనక కాగితం ముక్క అంటించేవారు. గ్రేడింగ్ లెక్కలో ఇది చీలిక, మరమ్మతు. నా లెక్కలో ఆ నోటు ప్రయాణానికి సాక్ష్యం. అలాంటిదానికి మార్కులు కోసేస్తుంటే, అమ్మేవాడికి ఆ పట్టీ ఊడబీకి కొత్తగా అతికించాలనే ఆశ పుడుతుంది. అంకె కొలవడంతో ఆగట్లేదు, నోటునే మార్చేస్తోంది.

సీలు కవర్లను పూర్తిగా కొట్టిపారేయలేను. ఎడిన్‌బరోలోనో లండన్‌లోనో జరిగే వేలంలో హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో పాడేవాడికి నోటు చేతిలోకి రాదు. దొంగ నోటు కాదన్న భరోసాకైనా ఆ కవర్ పనికొస్తుంది. కాగితం సహజ స్థితిలో ఉంటే గ్రేడింగ్ సంస్థలు అంకె పక్కన వేరే గుర్తు కూడా వేస్తాయి. చిక్కల్లా, కొనేవాళ్లలో ఎక్కువమంది అంకె దగ్గరే ఆగిపోవడం. ఆ గుర్తు లేని 58 కంటే ఆ గుర్తున్న 40 నాకు మేలు.

నిజాం నోట్లు సేకరించే మనవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పాఠమేమీ కాదు. నోట్ల కట్టలకు పిన్నులు కొట్టొద్దని 2001లో రిజర్వ్ బ్యాంకు ఆదేశించేదాకా మన దగ్గర చిల్లు లేని నోటే గగనం. అందుకే పాత భారతీయ నోట్లలో రెండు పిన్ను చిల్లులను చూసీ చూడనట్టు వదిలేస్తారు. స్కాటిష్ నోట్లకూ అంత పెద్దమనసు అవసరమే.

ఇటీవలి నోట్ల దగ్గర మాత్రం నేను మహా కఠినుణ్ణి. 2005లో రాయల్ బ్యాంక్ గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లాస్ బొమ్మతో 5 పౌండ్ల నోటు 20 లక్షలు వేసింది. 2015లో క్లైడ్స్‌డేల్ బ్యాంక్ ఫోర్త్ వంతెన బొమ్మతో పాలిమర్ (ప్లాస్టిక్) 5 పౌండ్ల నోటు తెచ్చింది, అదీ 20 లక్షలే. జనం కొన్నదే దాచుకోడానికి. వీటిలో మడత పడ్డదానికి 5 పౌండ్లకు మించి పెట్టడం దండగ.

పాత నోటుకైతే పాట మొదలవకముందే వేలం సంస్థకు రాయండి. వెనక వైపు ఫొటో, వెలుతురుకు ఎదురుగా తీసిన ఫొటో, నొక్కారా కడిగారా అన్నదానికి రాతపూర్వక జవాబు అడగండి. పాట ధర మీద సంస్థ కమీషన్ చాలాచోట్ల 20 శాతానికి పైనే ఉంటోంది. అంత తీసుకునేవాళ్లు రెండు ఫొటోలు పంపలేమంటే ఆ నోటు మీద పాడకండి.