పొడుగు బ్యారెల్ పిచ్చి

నల్లగొండలో రైఫిల్ షూటింగ్ గురించి మాట మొదలైతే చాలు, ఎవరో ఒకరు "బ్యారెల్ ఎంత పొడుగుంటే గురి అంత గట్టిగుంటది" అని తేల్చేస్తారు. గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ అంటే సరే, కాలక్షేపం అనుకోవచ్చు. పిల్లలకు ఎయిర్ రైఫిళ్లు అమ్మే దుకాణం వాళ్లే ఈ మాట చెప్పి వేలకు వేలు గుంజుతుంటే మాత్రం ఒళ్లు మండుతుంది. మొన్న మా దగ్గర ప్రాక్టీసుకు వచ్చే ఎనిమిదో తరగతి పాప వాళ్ల నాన్న హైదరాబాద్ నుంచి అలాంటిదే ఒకటి మోసుకొచ్చాడు. స్ప్రింగ్ గన్, చాంతాడంత బ్యారెల్. పాప దాన్ని భుజానికి ఆనించి నిలబడితే నాలుగు ఊపిర్లు తీసేలోపు గన్ మూతి కిందికి వాలిపోతోంది. "ఇంకా పొడుగుది తేవాల్నా సార్?" అని ఆయన అడుగుతున్నాడు. ఆయన్నేమంటాం? అమ్మినోణ్ణి అనాలి.

ఆ మాటలో నిజం అసలు లేదని కాదు. బ్యారెల్ పెరిగితే తూటా వేగం పెరుగుతుంది. మందు అంటుకుని పుట్టిన గ్యాస్, తూటా గొట్టంలో ఉన్నంతసేపు దాన్ని వెనకనుంచి నెడుతుంది. అయితే ఆ ఒత్తిడి మొదటి కొన్ని అంగుళాల్లోనే తారస్థాయికి చేరి, అక్కడినుంచి దిగిపోతుంటుంది. అందుకని కలిపిన ప్రతి అంగుళమూ దాని ముందు అంగుళం కంటే తక్కువే ఇస్తుంది. రష్యా వాళ్ల ఏకే-74కి 415 మిల్లీమీటర్ల బ్యారెల్, తూటా వేగం సెకనుకు 900 మీటర్లు. అదే తూటా పేల్చే పొట్టి ఏకేఎస్-74యూ బ్యారెల్ 206.5 మిల్లీమీటర్లే, వేగం 735. గొట్టం సగమైంది, వేగం అయిదో వంతు కూడా పోలేదు.

ఎన్‌సీసీలో మనమంతా బోర్లా పడుకుని పేల్చిన పాయింట్ టూ టూ రైఫిల్ సంగతి ఇంకా తమాషా. దాంట్లో మందు చిటికెడు. పదహారు అంగుళాలు దాటేసరికి దాని పని దాదాపు అయిపోతుంది. మరీ పొడుగైతే గ్యాస్ నెట్టే బలం కంటే గొట్టం రాపిడి ఎక్కువై వేగం తగ్గుతుంది కూడా. మరి మ్యాచ్ రైఫిళ్లకు 26 అంగుళాల బ్యారెళ్లు ఎందుకుంటాయంటారా? చాలావరకు సైట్ల కోసం, అంటే గురి చూసే గుర్తుల కోసం. వెనక సైటుకూ ముందు సైటుకూ ఎడం పెరిగితే కంటి పొరపాటు తగ్గుతుంది. ఆ ఎడం కోసమే కొన్ని కంపెనీలు పొట్టి బ్యారెల్ ముందు ఖాళీ గొట్టం తొడిగి, సైటు దానిమీద పెడతాయి. టెలిస్కోప్ బిగించుకుంటే ఈ లాభం కూడా లెక్కలోకి రాదు.

స్ప్రింగ్ గన్‌లో మందే లేదు. పిస్టన్ కొట్టిన గాలి ఛర్రాను, అంటే చిన్న సీసం గుండును, పది అంగుళాల లోపే దాని వేగానికి తెచ్చేస్తుంది. మిగిలిన పొడవంతా బ్యారెల్ వంచి స్ప్రింగ్ ఎక్కించడానికి లివర్‌లా పనికొస్తుంది, అంతే. 2012 లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కదా. ఆ పోటీ రైఫిళ్లలో ఛర్రాను గిర్రున తిప్పే గాడులున్న అసలు బ్యారెల్ 42 సెంటీమీటర్ల చుట్టుపక్కలే. ఛర్రా వేగం సెకనుకు సుమారు 175 మీటర్లు. పది మీటర్లు పోయేలోపు అది 16 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. వేగం 165 అయితే 18 జారుతుంది. ఆ రెండు మిల్లీమీటర్లు సైటు తిప్పితే సరిపోతాయి. చిక్కంతా ఒక ఛర్రా 175తో, ఇంకోటి 172తో పోయినప్పుడు. తేడా అర మిల్లీమీటరు పైనే వస్తుంది. టార్గెట్ నడుమ పది పాయింట్ల చుక్క వెడల్పే అర మిల్లీమీటరు! కావలసింది ఎక్కువ వేగమా, ఒకే వేగమా, మీరే చెప్పండి.

పొడవు వల్ల జరిగే చెడుపు గురించి దుకాణంలో ఎవరూ నోరు విప్పరు. కాల్చినప్పుడు బ్యారెల్ అదురుతుంది. మందం అంతే ఉంచి పొడవు రెట్టింపు చేస్తే దాని బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, వెదురు గడ కొస పట్టి ఊపినట్టే ఉంటుంది. పొట్టిగా, దిట్టంగా ఉన్న బ్యారెల్ చక్కటి గ్రూపు వేయడానికి, అంటే దెబ్బలన్నీ ఒక్కచోటే పడేయడానికి, ఇదొక కారణం. మూడు నాలుగు వందల మీటర్ల దూరంలో వేగానికి విలువ ఉంది, నేను కాదనను. తూటా తక్కువ జారుతుంది, గాలికి తక్కువ పక్కకు పోతుంది. పది మీటర్ల హాల్లో గాలెక్కడిది?

అన్నిటికంటే ముందు చూడాల్సింది బ్యారెల్ మూతి అంచు. తూటా చివరగా తాకేది దాన్నే. అక్కడ సన్నని గాటున్నా గాలి ఒక పక్కనుంచి ముందు తప్పించుకుని తూటా తోకను పక్కకు తోస్తుంది. ఆ పాప గన్‌లో ఛర్రా లేదని చూసుకుని, మూతి అంచు చుట్టూ ఇయర్ బడ్ మెల్లగా తిప్పాను. కింది వైపు దూది పీచు చిక్కుకుంది. కొత్త గన్‌కే అంచున ఇనుప గరుకు వదిలేశారు. ఇంత పొడుగు గొట్టం చేసినవాళ్లకు దాని కొస నున్నగా చేయడానికి తీరిక దొరకలేదు.

ఈ పొడుగు నమ్మకం ఎక్కడిదో నాకు కొంత అర్థమవుతుంది. సాయుధ పోరాటం నడిచిన జిల్లా మాది. భర్మార్ తుపాకుల ముచ్చట్లు వింటూ పెరిగాం. వాటికి లోపల గాడులుండవు, నల్లమందు దట్టించి పేల్చేవి, పొడవుతో వాటికి నిజంగానే పని ఉండేది. గాడులున్న రైఫిల్‌కు ఆ లెక్క తెచ్చి అంటగడితే ఎట్లా? చెరువుగట్టు జాతరలో బుగ్గలు (బెలూన్లు) కొట్టే స్టాల్ దగ్గర నిలబడి చూడండి. గన్లన్నీ పొడుగే, సైట్లన్నీ వంకరే. ఏ బుగ్గకు ఎంత ఎడంగా పెట్టి కొట్టాలో రెండు దెబ్బల్లో కనిపెట్టినవాడే బహుమతి పట్టుకుపోతాడు.

ఇదంతా చదివి, అయితే ఇంట్లో ఉన్న తాత లైసెన్సు తుపాకి బ్యారెల్ కోయించుకుందామని లేత్ మెషిన్ దగ్గరికి బయలుదేరేవాళ్లు కూడా మనలో ఉంటారు. 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం బ్యారెల్ పొట్టి చేయడానికి విడిగా లైసెన్సు ఉండాలి. లేకుండా కోయిస్తే కేసవుతుంది. పైగా హాక్సా బ్లేడుతో కోసిన మూతి ఎట్లుంటదో నేను చెప్పనక్కర్లేదు.