‘తగ్గు’కి పది మాటలు బట్టీ పట్టించడం ఇక ఆపండి

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా పోటీ పరీక్షల ఇంగ్లిష్ నోట్సు తిరగేస్తే ఒక పేజీ తగులుతుంది. పైన ‘డిక్రీజ్’, కింద డ్విండిల్, వేన్, ఎబ్, అబేట్, సబ్‌సైడ్, రిసీడ్, టేపర్, డిక్లైన్. అన్నిటికీ కలిపి ఒకటే అర్థం: తగ్గు. సినానిమ్ అడిగితే ఈ పేజీతో మార్కు వస్తుంది, కాదనను. ఖాళీలు పూరించమన్నా, తప్పు పట్టమన్నా, వ్యాసం రాయమన్నా మాత్రం అదే పేజీ కొంప ముంచుతుంది.

మన భాషలో మనం ఇలా మాట్లాడతామేటి? జ్వరం దిగుతుంది, కోపం చల్లారుతుంది, చెరువు అడుగంటుతుంది, ఆశ సన్నగిల్లుతుంది, ఉద్యమం చప్పబడుతుంది. కోపం అడుగంటిందని ఎవరైనా అంటే నవ్వుతాం. ఏది తగ్గుతోందో చూసి క్రియ ఎంచుకోవడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఇంగ్లిష్ క్లాసులో కూర్చోగానే దాన్ని గుమ్మం బయట ఎందుకు వదిలేయాలి?

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయేది తగ్గు, తగ్గించు దగ్గర. ‘ద రెయిన్ రెడ్యూస్డ్’, ‘మై ఫీవర్ రెడ్యూస్డ్’ అని మన జిల్లాల్లోనే కాదు, దేశమంతా రాస్తున్నారు. రెడ్యూస్ అంటే తగ్గించు. తగ్గించేవాడు ఒకడు, తగ్గేది ఒకటి, రెండూ ఉండాలి. వాన తనంతట తాను తగ్గితే ‘ఈజ్డ్’ అనో ‘లెట్ అప్’ అనో రాయాలి. జ్వరానికి ‘కేమ్ డౌన్’ చాలు. డ్విండిల్, వేన్, ఎబ్, సబ్‌సైడ్, రిసీడ్ దీనికి సరిగ్గా ఎదురు: వాటంతట అవి తగ్గేవే. అందుకే ‘హీ డ్విండిల్డ్ హిజ్ ఎక్స్‌పెన్సెస్’ తప్పు, ‘ద స్టాక్స్ వర్ డ్విండిల్డ్’ ఇంకా పెద్ద తప్పు. డిక్రీజ్, డిమినిష్, లెసెన్, ఈజ్ అనేవి రెండు పక్కలా పనిచేస్తాయి. అనుమానం వస్తే లెర్నర్స్ డిక్షనరీ తెరవండి. క్రియ పక్కన ‘ఐ’ అని ఉంటే తగ్గు, ‘టి’ అని ఉంటే తగ్గించు. ఆ చిన్న అక్షరాన్ని చూడకుండా అర్థం మాత్రం ఎత్తి రాసుకోవడం వల్లే ఈ గొడవంతా.

ఇక ఏది దేనికి? పొందూరునే తీసుకోండి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు వడికేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. లెక్కపెట్టగలిగేది కొద్దికొద్దిగా తరిగి చివరికి గుప్పెడు మిగిలితే డ్విండిల్. ఖద్దరు మీద కొనేవాళ్లకి మోజు తగ్గితే వేన్, ఎందుకంటే అది బహుళ పక్షం చంద్రుడి మాట. మోజు, పలుకుబడి, మద్దతు లాంటివాటికి అది ఒప్పుతుంది. బట్ట ధర తగ్గితే ఈ రెండూ పనికిరావు, ‘ఫెల్’ అంటే సరి. ఒకే ఊరు, ఒకే బట్ట, మూడు క్రియలు.

నాగావళి వరద మట్టం దిగితే సబ్‌సైడ్. పొలాల్లోకి ఎక్కిన నీరు వెనక్కి మళ్లితే రిసీడ్. గాలి సబ్‌సైడ్ అవుతుంది గానీ రిసీడ్ కాదు, వెనక్కి నడవడానికి దానికి గట్టు లేదు కదా. తుపానుకైతే వాతావరణ శాఖ వాడేది ‘వీకెన్డ్ ఇంటు’. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఆ తర్వాత మెట్టు మెట్టుగా బలహీనపడి వాయుగుండమైంది. ఆ మెట్టు పేరు చెప్పాలంటే ‘ఇంటు’ ఉండాల్సిందే. ఎబ్ అంటారా, ఆటుపోట్లలో ఆటు. బారువ తీరంలో పుట్టినవాడికి దాన్ని విడమరిచి చెప్పాలా? ఒంట్లో సత్తువ, మనసులో ధైర్యం మెల్లగా జారిపోతే ‘ఎబ్ అవే’.

టేపర్‌ని చాలామంది ‘ఆపేయడం’ అనుకుంటారు. కాదు, మోతాదు దించుకుంటూ రావడం. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడినవాళ్లకి డాక్టరు ఒక్కసారిగా మాన్పించకుండా టేపర్ చేస్తారు, అడ్రినల్ గ్రంథులు మళ్లీ సొంతంగా పని అందుకోవడానికి వ్యవధి కావాలి గనక. 2013 డిసెంబరులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ నెలకి 85 బిలియన్ డాలర్ల బాండ్ల కొనుగోలును 75కి దించుతామన్నప్పుడు కూడా కొనడం మానలేదు. వేగం తగ్గింది, అంతే.

ఇదే పొరపాటు ద్రవ్యోల్బణం దగ్గర ఘోరంగా జరుగుతుంది. ‘ఇన్‌ఫ్లేషన్ ఈజ్డ్’ అని కనిపించగానే ధరలు తగ్గాయని రాసేస్తారు. 100 రూపాయల సరుకు 6 శాతం పెరిగి 106 అయింది, మరుసటేడు 4 శాతం పెరిగి 110 దాటింది. తగ్గింది పెరుగుదల, ధర కాదు. పైగా 6 నుంచి 4కి దిగితే అది 2 శాతం తగ్గుదల అనకూడదు, 2 పర్సంటేజీ పాయింట్లు అనాలి. శాతంలో చెప్పాలంటే మూడో వంతు పోయినట్టు. ‘బై’, ‘టు’ తేడా మన విభక్తిలోనే ఉంది: 200 తగ్గితే ‘బై’, 200కి తగ్గితే ‘టు’. ఆ ‘కి’ని పట్టించుకోకపోతే గ్రాఫు వర్ణన మొత్తం తలకిందులు.

కాబట్టి ఆ పేజీ చింపేసి రెండు గదులు గీయండి, ఒకటి తగ్గు, ఇంకోటి తగ్గించు. ప్రతి క్రియ పక్కనా తగ్గే వస్తువు ఒకటి రాయండి. అబేట్‌ని మాత్రం రెండు గదుల్లోనూ వేయాలి: తుపాను, నొప్పి వాటంతట అవే అబేట్ అవుతాయి, కాలుష్యాన్ని అబేట్ చేస్తారు. లా చదివేవాళ్లకి ఇంకో గది కూడా కావాలి. దావా నడుస్తుండగా వాది చనిపోయి, హక్కు వారసులకి మిగిలి ఉన్నా, 90 రోజుల్లో వాళ్లని రికార్డు మీదికి తేకపోతే ఆయన మేరకు దావా అబేట్ అవుతుంది. అక్కడ ఏదీ తగ్గదు, కేసే పోతుంది. ఆ అబేట్‌మెంటుని రద్దు చేయమని అడగడానికి ఆపైన ఉండేది 60 రోజులు.