మధ్యాహ్నం షట్టర్ వెయ్యాలా వద్దా: ఒక చిన్న పశువుల క్లినిక్‌లో వాదోపవాదం

కృష్ణా డెల్టాలో ఒక చిన్న టౌన్, బస్టాండ్ వెనక సందులో ప్రైవేటు పశువుల క్లినిక్ ఒకటి అనుకోండి. పొద్దున కుక్కలూ పిల్లులూ, సాయంత్రమైతే చుట్టుపక్కల పల్లెల్లో గేదెలు. పనిచేసేది నలుగురు. డాక్టరమ్మ, సర్కారు పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరై ఇక్కడ చేరిన అసిస్టెంటు (ఊరంతా బాబాయ్ అనే పిలుస్తుంది), కుక్కల్ని పట్టుకునే కుర్రాళ్లు ఇద్దరు. మార్చి నెలాఖర్లో డాక్టరమ్మ ఒక కాగితం రాసి గోడకి అంటించబోయింది: ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున 7 నుంచి 11, సాయంత్రం 5:30 నుంచి 9, మధ్యలో షట్టర్, ఆదివారం సెలవు. కుర్రాళ్లలో ఒకడికి ఈ మూడు నెలలూ పని లేదు, సెప్టెంబర్ నుంచి జనవరి దాకా మాత్రం ఇంకో మనిషి అదనం. బాబాయ్ ఆ కాగితం చేతిలోంచి తీసుకున్నాడు. ఇద్దరూ నేను ఊహించుకున్న మనుషులే గానీ గొడవ మాత్రం ఇలాంటి చోట్ల ఎప్పుడూ ఉండేదే.

డాక్టరమ్మ: ముందే చెప్తున్నా బాబాయ్, ఇది జీతాలు మిగుల్చుకునే ప్లాన్ కాదు. సరే, కొంచెం అదీ ఉంది. కానీ రోహిణి కార్తెలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా మన గడప తొక్కేది ఎవరో మీరే చెప్పండి. నలుగురం ఫ్యాన్ కింద కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకోవడమే కదా. పైగా మనం తెరిచి ఉన్నామని ఎవరో ఒకరు ఆ ఎండలో కుక్కని నడిపించుకుంటూ వస్తారు, తారురోడ్డు మీద దాని పాదాలు బొబ్బలెక్కుతాయి, మనమే మళ్లీ దానికి ఆయింట్‌మెంట్ రాస్తాం.

బాబాయ్: వచ్చేవాళ్లు తక్కువేనమ్మా, కాదనను. ఆ టైంలో వచ్చే కేసు ఎలాంటిదో అది చూడండి. టీకాకీ గోళ్లు కత్తిరించడానికీ మిట్టమధ్యాహ్నం ఎవడూ రాడు. వచ్చేది వడదెబ్బే. మేడ మీద రేకుల షెడ్డులో పగ్‌ని కట్టేసి పెళ్లికి పోతారు, తిరిగొచ్చేసరికి అది పక్కకి పడిపోయి, నాలుక బయటపెట్టి, ఎగపోస్తుంటుంది. 101, 102 ఉండాల్సిన ఒళ్లు 107 చూపిస్తుంది. దాన్ని ఎత్తుకొచ్చిన మనిషికి ఈ కాగితం చూపించి సాయంత్రం రమ్మందామా?

డాక్టరమ్మ: వడదెబ్బకి మన షట్టర్ కంటే వాళ్లింట్లో మొదటి పది నిమిషాలు ముఖ్యం. నీడలోకి లాగి, కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ పెట్టి, ఆ తర్వాత బండెక్కించాలి. ఐసు గడ్డలు వద్దు. 103కి దిగాక తడపడం ఆపాలి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడిపోతుంది. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. షట్టర్ మీద నంబర్ రాస్తాను. మా ఇల్లు పైనే, రెండు నిమిషాల్లో దిగుతాను.

బాబాయ్: వాళ్లింట్లో థర్మామీటర్ ఉంటుందా? ఉన్నా కుక్కకి ఎక్కడ పెట్టాలో తెలుసా? ఫోన్లో మీరు చెప్పేది సగం వింటారు, మిగతా సగం ఏడుస్తారు. పైగా మీరు రోజూ ఇక్కడే ఉంటారా? గేదె కేసుకి పన్నెండు కిలోమీటర్లు పోయుంటారు. షాపు తెరిచి ఉంటే కనీసం నేనుంటాను.

డాక్టరమ్మ: అదే నా భయం. మీరు ఒక్కరే ఉంటే మీ చెయ్యి ఊరుకోదు. 1984 పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చెయ్యాల్సింది రిజిస్టరైన డాక్టరే. డిప్లొమా, సర్టిఫికెట్ వాళ్లకి రాష్ట్రం అనుమతిచ్చిన చిన్నచిన్న పనులే, అవీ డాక్టర్ పర్యవేక్షణలోనే. నేను లేనప్పుడు మీరొక సూది వేసి, అది కాస్తా చచ్చిపోతే, వీడియో తీసి పెట్టడానికి ఇప్పుడు ప్రతివాడి చేతిలో ఫోనుంది.

బాబాయ్: సూది వెయ్యనమ్మా. నీళ్లు పోస్తాను. నీళ్లు పొయ్యడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. అసలు మీరు వడదెబ్బ దగ్గరే ఆగిపోయారు, పార్వో జబ్బు సంగతేంటి? రక్తవిరేచనాల కుక్కపిల్లకి సెలైన్ పెట్టాలంటే అది గంట పని కాదు, నిదానంగా గంటలు గంటలు ఎక్కించాలి. పదకొండింటికి షట్టర్ వేస్తే ఆ పిల్లని ఏం చేస్తారు? సూది పీకి ఇంటికి పంపి, సాయంత్రం మళ్లీ కొత్త నరం వెతుకుతారా? అరకేజీ కుక్కపిల్లకి నరమంటే దారమే. పొద్దున కుర్రాడు దాని మోచెయ్యి దగ్గర బొటనవేలితో నొక్కి పట్టుకుని నరం పైకి లేపితే, నేను టార్చి కొడితే, మీరు రెండోసారికో మూడోసారికో గుచ్చగలిగారు. ఆ మీదట ప్లాస్టర్ చుట్టాక కూడా అది నోటితో పీక్కుంటుందని కుర్రాడు పక్కనే స్టూల్ వేసుకుని కూర్చోవాల్సిందే. షట్టర్ వేసిన గదిలో దాని పక్కన ఎవరు కూర్చుంటారు?

(డాక్టరమ్మ దీనికి వెంటనే ఏమీ అనలేదు. అక్కడ నా ఓటు బాబాయ్‌కే. టైమింగ్స్ మార్చేవాళ్లు తలుపు తోసుకుని లోపలికొచ్చేవాళ్లనే లెక్కేస్తారు, అప్పటికే లోపల పడుకుని ఉన్న కేసు లెక్కలోకి రాదు.)

డాక్టరమ్మ: సరే, డ్రిప్ కేసులుంటే ఒక కుర్రాడు లోపలే ఉంటాడు, ఆ గంటలకి డబ్బులిస్తాను. కానీ దానికి ఇద్దరెందుకు? ఏప్రిల్, మే, జూన్‌లో గేదె కేసులు సగానికి పడిపోతాయి. ఎండలకి గేదె ఎదకి రాదు, వచ్చినా మూగ ఎద, రైతు కనిపెట్టేలోపే పోతుంది. ఎదసూదులూ (కృత్రిమ గర్భధారణ) లేవు, ఈతలూ లేవు. ఆ మూడు నెలలు రెండోవాడికి జీతం ఎక్కడ్నుంచి తేవాలి?

బాబాయ్: పంపించేయండి. జూలైలో వాడు తిరిగొస్తాడనుకుంటున్నారా? విజయవాడలో ఏ డెలివరీ బండో ఎక్కుతాడు, అక్కడ కుక్కలు కరవవు కూడా. మీరు కొత్తవాణ్ని వెతుక్కోవాలి. కొత్తవాడికి మూతికి గుడ్డ కట్టడం రాదు, చెవి వెనక ఎలా పట్టాలో తెలీదు, కుక్క గుర్రుమనగానే వాడే ముందు వదిలేస్తాడు. కరిచేది మిమ్మల్నీ నన్నూ.

డాక్టరమ్మ: నేర్పుకుంటాం. ఎనిమిది నెలల కిందట వీడికీ ఏమీ రాదు. డిప్లొమా చేసిన పిల్లలున్నారు, పదో తరగతి తర్వాత రెండేళ్లు పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో చదివి ఖాళీగా కూర్చున్నవాళ్లు. సీజన్‌కి ఒకణ్ని పెట్టుకుంటే వాడికీ అనుభవం.

బాబాయ్: ఆ పిల్లలు మంచోళ్లే, పుస్తకం తెలిసినోళ్లే, నోటిఫికేషన్ పడ్డ రోజు మాత్రం చెప్పకుండా పోతారు. అది పక్కన పెట్టండి. రేబిస్ టీకా సంగతి ఆలోచించారా? మన పనిలో ఉన్నవాడు కరవకముందే వేయించుకోవాలి. మొదటి రోజు ఒకటి, 7వ రోజు ఒకటి, 21 లేదా 28వ రోజు మూడోది. సెప్టెంబర్ ఒకటిన చేరినవాడికి ఆ కోర్సు అయ్యేసరికి నెల ముగుస్తుంది. వాణ్ని మొదటి రోజే వీధి కుక్క మీదకి తోస్తారా? ప్రతి సీజన్‌కి ఒక కొత్త మొహం అంటే ప్రతి సీజన్‌కి ఆ మూడు డోసులూ, ఆ మూడు వారాలూ. ఉన్నవాడికి అన్నీ అయిపోయాయి.

డాక్టరమ్మ: ...ఆగస్టులోనే తీసుకుంటే?

బాబాయ్: ఆగస్టు జీతం ఇస్తే జూలై ఒక్కటే మిగిలింది. జూలైకి కూడా ఇచ్చేసి వీణ్నే ఉంచుకోండి.

డాక్టరమ్మ: జూలై మొదటి వారం గురించి మాత్రం మాట్లాడకండి! 6వ తారీఖు జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బుల రోజు) అని సర్కారు ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకా. అంతకు వారం ముందు నుంచీ మన దగ్గరికి ఎవడూ రాడు.

బాబాయ్: రాకపోతే మంచిదే, ఊళ్లో కుక్కలకి టీకా పడుతోంది. ఆ ఉచిత టీకాలో పార్వో ఉండదు కదా, దానికి మన దగ్గరికే రావాలి. ఆరు, ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకొకటి వేయాలని చీటీ మీద రాసిస్తున్నాం, రెండోదానికి సగంమంది ఎగ్గొడుతున్నారు. ఖాళీగా ఉన్న కుర్రాణ్ని కూర్చోబెట్టి వాళ్లకి ఫోన్లు చేయిస్తే చాలు, వాడి జీతం వాడే తెచ్చుకుంటాడు. వేసవిలో పని లేదంటారు గానీ, అది షాపు దాకా నడిచి రాదంతే. డిసెంబర్, జనవరిలో మనం ఎదసూది వేసిన గేదెలెన్ని? వాటిలో ఏది కట్టింది ఏది కట్టలేదు అని ఎవరైనా చూశారా? ఏప్రిల్‌లో ఊరూరా తిరిగి చూడి పరీక్ష చేస్తే, కట్టని గేదెని చూడిదనుకుని రైతు ఆర్నెల్లు మేపడు. పొద్దున ఆరింటికి బయల్దేరితే తొమ్మిదిన్నరకి వచ్చేస్తాం, ఎండా తగలదు.

డాక్టరమ్మ: ఆలోచన బాగుంది, డబ్బులు ఎవరిస్తారు? వేసవిలో పాలు తగ్గుతాయి, చేతిలో రూపాయి ఉండదు, పాలబిల్లు పడ్డాక ఇస్తామంటారు, పడ్డాక దాణా కొట్టువాడు ముందు లాక్కుంటాడు. నా డైరీలో రాసుకున్న బాకీలు మీకు తెలీనివా?

బాబాయ్: తెలుసు. అందులో రెండు మా బంధువులవే.

డాక్టరమ్మ: ఇప్పుడు చలికాలం సంగతి చూడండి, అసలు గొడవ అక్కడుంది. గేదెలు ఎక్కువగా ఎదకొచ్చేది సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. చూడి పది నెలల పది రోజులు. అంటే ఆ కాలంలో కట్టినవి మళ్లీ జూలై, ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా వరసగా ఈనుతాయి. ఈతలూ ఎదసూదులూ రెండూ ఒకేసారి నెత్తిన పడతాయి. మాయ పడలేదని ఒకడు, మెయ్య దిగిందని (గర్భసంచి బయటికొచ్చిందని) ఒకడు, ఈనిన రెండో రోజే గేదె మెడ వాల్చేసి లేవట్లేదని ఇంకొకడు. ఆ చివరిది పాలజ్వరం, దానికి కాల్షియం నరంలోకి నెమ్మదిగా ఎక్కించాలి, తొందరపడితే గుండె ఆగిపోతుంది, రాత్రి ఒంటిగంటకి నిద్రకళ్లతో ఆ పని చేసి మళ్లీ పొద్దున ఏడింటికి ఎవరిదో లాబ్రడార్‌కి చెవులు చూడాలి. ఇది నా వల్ల కాదు బాబాయ్. ఆ అయిదు నెలలూ పొద్దున పది తర్వాతే తెరుస్తాను. ఇందులో మాత్రం మీ మాట వినను.

బాబాయ్: అది వినమని నేనూ అనను. సర్కారు నౌకరీలో నేను చేసిన తప్పుడు పని ఏదైనా ఉంటే అది నిద్రలేకుండా చేసినదే అయ్యుంటుంది. పది కాదు, పదకొండుకి తెరవండి. కానీ సాయంత్రం ఎనిమిది దాకా ఉండాల్సిందే. గేదె రాత్రీ తెల్లవారుజామునా ఎద చూపిస్తుంది, తెల్లారి చూసినదానికి సాయంత్రం వెయ్యాలి, సాయంత్రం చూసినదానికి మర్నాడు పొద్దున. ఆ రైతు పాలు పోసి, పని ముగించుకుని మనకి ఫోన్ చేసేది చీకటి పడ్డాకే.

డాక్టరమ్మ: ఆదివారం?

బాబాయ్: చలికాలం మీ ఇష్టం. జూన్‌లో మాత్రం వద్దు. మృగశిరకి నాలుగు చినుకులు పడగానే, కోసేసిన జొన్న మోళ్లకి పిలకలొస్తాయి. పచ్చగా కనపడిందని గేదెని తోలతారు. అదే నాము, లేత జొన్న పిలకల్లో ఉండే విషం. మేసిన కాసేపటికే వణుకు, నురగ, పడిపోవడం. దానికి విరుగుడు హైపో ఇంజక్షన్ నరంలోకి ఎక్కితే బతుకుతుంది, లేకపోతే లేదు. అది ఆదివారమని చూసుకుని మెయ్యదు కదా.

డాక్టరమ్మ: మనమొక్కళ్లమే దిక్కయినట్టు మాట్లాడతారేంటి బాబాయ్? 1962కి ఫోన్ చేస్తే సంచార వాహనం వస్తుంది. 2022లో నియోజకవర్గానికొకటి చొప్పున 175 బండ్లతో మొదలుపెట్టారు, తర్వాత ఇంకా పెంచారు. సర్కారు ఆసుపత్రి ఉంది. నేను ఒక ఆదివారం పడుకుంటే జిల్లాలో గేదెలన్నీ చచ్చిపోవు.

బాబాయ్: బండి మంచిదే. నియోజకవర్గంలో ఎన్ని ఊళ్లు? అది అటు చివర ఉంటే ఇటు చివర నాము మేసిన గేదె ఆగదు. పోనీ ఇలా చేయండి. ఆదివారం షట్టర్ వెయ్యండి, ఫ్రిజ్‌లో హైపో ఉందో లేదో శనివారం రాత్రే చూసుకోండి...

డాక్టరమ్మ: హైపో ఫ్రిజ్‌లో ఉండదు, అలమరలో ఉంటుంది.

బాబాయ్: అదే, అలమరలో. ఫ్రిజ్‌లో టీకాలు. అదొకటి చెప్పడం మర్చిపోయా, ఆదివారమంతా తాళం వేసి కరెంటు పోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకాలు ఏ డిగ్రీలో ఉన్నాయో ఎవరు చూస్తారు?

డాక్టరమ్మ: పైనే ఉంటాను కదా, చూస్తాను. మీరు ఏదో ఒకటి పట్టుకోవాలని చూస్తున్నారు. సరే, నా మాట వినండి. కుర్రాళ్లిద్దరూ పన్నెండు నెలలూ ఉంటారు. వేసవిలో వంతులవారీగా ఒక్కొక్కడికి పదిహేను రోజులు జీతంతో సెలవు. పొద్దున ఊళ్లు తిరుగుదాం, చూడి పరీక్షకి అక్కడికక్కడే డబ్బులు, బాకీ లేదు, మీ బంధువులకి కూడా. మధ్యాహ్నం షట్టర్ సగం దించి ఒకరు లోపల. ఆదివారం సెలవు, ఫోన్ ఉంటుంది. అదనపు మనిషి వద్దు, ఆ డబ్బుతో చలికాలం రాత్రి కేసుకి వచ్చినవాడికి ఒక్కో కేసుకి ఇంత అని ఇస్తాను. అయితే ఒక్క షరతు. సంక్రాంతి మూడు రోజులూ ఎవరో ఒకరు ఉండాలి. పండక్కి హైదరాబాద్ నుంచి కార్లలో కుక్కలేసుకుని దిగుతారు, పిండివంటలు పెట్టి వాంతులు చేయిస్తారు, గాలిపటాల మాంజా తగిలి కొంగలూ పావురాలూ పడతాయి.

బాబాయ్: సంక్రాంతికి నేను రానమ్మా.

డాక్టరమ్మ: ఇంతసేపూ తలుపు తెరిచే ఉండాలన్నది మీరే కదా!

బాబాయ్: మనవలొస్తారు. పైగా భోగి నాడు సందు చివర పందేల్లో కత్తి దిగిన కోడిని చొక్కాలో చుట్టుకొచ్చి కుట్లు వెయ్యమంటారు, కాదంటే గొడవ, వేస్తే అందులో మనకూ చెయ్యి ఉన్నట్టు. కుర్రాళ్లనడగండి.

డాక్టరమ్మ: వాళ్లు నిన్ననే అడిగారు. ఇద్దరికీ మూడు రోజులూ సెలవు కావాలంట.