జీవన నైపుణ్యాల పీరియడ్ దండగేనా?

ఈ వారంలో మా గ్రూపులో నాలుగోసారి అదే సందేశం, ఈసారి చేతులు జోడించిన బొమ్మతో సహా. 'బడిలో జీవన నైపుణ్యాల పీరియడ్ దండగ. మేం ఇవేవీ లేకుండానే గట్టిగా పెరిగాం. అవి ఇంట్లో నేర్పాలి. మార్కులు తగ్గుతాయి. పైగా బాధల గురించి అడిగితే లేనిపోని ఆలోచనలు పిల్లల బుర్రకెక్కించినట్టే.' కాదని చెప్పడం, ఒత్తిడిని తట్టుకోవడం, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం లాంటివి నేర్పే పీరియడ్ మీదే ఈ కోపమంతా. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

గట్టిగా పెరిగారట. సంతోషం. అలా పెరగలేకపోయినవాళ్లు ఈ గ్రూపులో లేరు కాబట్టి వాళ్లనడిగే వీల్లేదు.

ఇంట్లో నేర్పాలా? నేర్పండి, ఎవరు కాదన్నారు? మా తొమ్మిదో తరగతిలో 'ఫోటో పంపకపోతే నీతో మాట్లాడను' అనే స్నేహితురాలికి జవాబు చెప్పడం సాధన చేయించాను. ఒకమ్మాయి మొదట బెంచీకేసి చూస్తూ గొణిగింది. రెండోసారి క్షమించమంది. నాలుగోసారికి తలెత్తి 'పంపను' అంది. ఆ ఒక్క మాటకు పావుగంట పట్టింది. ఏ ఇంట్లో చేయిస్తున్నారో చెబితే వచ్చి చూస్తాను.

మార్కులంటారా, బడుల్లో ఇలాంటి నైపుణ్యాలు నేర్పే 213 కార్యక్రమాల ఫలితాలను కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణలో చదువు మెరుగైందనే తేలింది.

ఒళ్లు మండింది చివరి మాటకే. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు ఉన్నత పాఠశాలల్లో రెండు వేల మందికి పైగా పిల్లలను రెండుగా విడదీసి, సగం మందిని ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడిగారు, మిగతావారిని అడగలేదు. అడిగినవాళ్లలో కలత పెరగలేదు, ఆలోచనలూ పెరగలేదు. అప్పటికే కుంగుబాటుతో ఉన్నవాళ్లకైతే కాస్త ఊరట కలిగినట్టే కనిపించింది. ఆలోచన మనం అడిగినందువల్ల పుట్టలేదు, ముందే ఉంది. దాన్ని ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్న పిల్లవాడు మీ సందేశం చదివితే అతనికి అర్థమయ్యేది ఒకటే: నోరు మూసుకో. ఇది పంపి కింద పువ్వు గుర్తు కూడా పెట్టారు, ఎంత దయో!

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. పేరు బాగున్న ప్రతి పాఠమూ పనిచేయదు. బ్రిటన్‌లో 85 బడుల్లో జరిపిన పెద్ద ప్రయోగంలో, జరుగుతున్న క్షణం మీదే మనసు నిలపడం నేర్పే మైండ్‌ఫుల్‌నెస్ పాఠాల వల్ల మామూలు పాఠాలకు మించిన మేలు కనిపించలేదని 2022లో తేలింది. అంతదూరం ఎందుకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది నైపుణ్యాలనూ బోర్డు మీద రాసి బట్టీ పట్టించి, 'సహానుభూతిని నిర్వచించండి, 2 మార్కులు' అని ప్రశ్నపత్రం తయారు చేసింది నేనే. ఆ పీరియడ్ దండగంటే కాదనను. మీ సందేశంలో ఆ ఒక్కటే లేదు.